పెద్ద గొంతుకి మోజార్ట్ పనికిరాదా? 'నోన్ మి దిర్' మీద రెండు తీర్పుల గురించి

ముందుగా ప్రశ్న, మిగతావాళ్ళ కోసం క్లుప్తంగా: అమ్మాయికి 23 ఏళ్ళు. అమెరికాలో వాయిస్‌లో మాస్టర్స్ చేస్తోంది. సొప్రానో (ఆడవాళ్ళలో పై స్థాయి గొంతు), బాగా పెద్ద గొంతు. ఒక పోటీలో మోజార్ట్ 'డాన్ జొవాన్ని' ఒపెరా నుంచి డోన్నా ఆన్నా అనే పాత్ర పాడే 'నోన్ మి దిర్' ఆరియా (ఒక్కరే పాడే పెద్ద పాట) పాడింది. ఒక జడ్జి "ఇంత బరువైన గొంతు మోజార్ట్‌కి తగదు" అని రాశారు. పక్కనే కూర్చున్న జడ్జి "ఈ పాటకి ఇలాంటి గొంతే కావాలి" అని రాశారు. ఇంటికొచ్చి, పెద్ద గొంతుకి పేరుపడ్డ స్వీడన్ గాయని బిర్గిట్ నిల్సన్ ఇదే పాట రికార్డు పెట్టుకుంటే తండ్రికి అద్భుతంగా అనిపించింది, అమ్మాయికి చల్లగా, గట్టిగా అనిపించింది. ఎవరి మాట నమ్మాలి అని తండ్రిగారు అడుగుతున్నారు.

ఒపెరా గాయకుల పక్కన పియానో దగ్గర కూర్చుని వాళ్ళకి పాత్రలు నేర్పించడం నా పని. జర్మనీలో మమ్మల్ని కోరెపెటీటర్లు అంటారు. ఈ ఆరియా ఎన్ని గొంతుల్లో విన్నానో లెక్కలేదు. కాబట్టి సూటిగానే చెప్తాను. ఇద్దరు జడ్జిలూ తమకి వినిపించిందే రాశారు, కానీ మీ అమ్మాయికి పనికొచ్చే మాట ఇద్దరిలో ఒక్కరూ రాయలేదు. ఈ ఆరియాలో పెద్ద గొంతుకి అసలు పరీక్ష మొదట్లో నెమ్మదిగా సాగే భాగం. చివర్లో వచ్చే వేగమైన స్వరాల కోసమే అందరూ చెవులు రిక్కించుకుని కూర్చుంటారు గానీ, అవి వచ్చేసరికి విషయం తేలిపోయి ఉంటుంది.

ఇది అర్థం కావాలంటే పాట ఎక్కడ వస్తుందో తెలియాలి. మొదటి అంకంలో ముసుగు వేసుకున్న ఒక మగవాడు ఆన్నా గదిలో దూరతాడు. ఆమె వెంటపడి పట్టుకోబోతుంది. అడ్డొచ్చిన ఆమె తండ్రిని వాడు కత్తితో పొడిచి చంపేస్తాడు. కాసేపటికి ఆ మనిషి ఒపెరా నాయకుడు జొవాన్నియే అని గొంతు బట్టి గుర్తుపట్టి, తనకి కాబోయే భర్త ఓట్టావియోకి చెప్పి, పగ తీర్చమని అడుగుతుంది. ఆ పాట 'ఓర్ సాయి కి లొనోరే'. వయొలిన్లు వణుకుతూ ఉంటాయి, కింద బాస్ తంత్రులు పైకి ఎగబాకుతూ ఉంటాయి, గాయని పై స్థాయిలోని 'ఏ' (A) అనే స్వరాన్ని మళ్ళీ మళ్ళీ ఎక్కి కొట్టాలి. ఇక్కడ పెద్ద గొంతుకి ఎదురులేదు. దీని గురించి ఎవరూ గొడవపడరు.

'నోన్ మి దిర్' రెండో అంకంలో, శ్మశానం సీను అయ్యాక వస్తుంది. పెళ్ళి ఆలస్యం చేస్తున్నావని, కఠినురాలివని ఓట్టావియో నిష్ఠూరమాడతాడు. "కఠినురాలినా? అయ్యో, కాదు" అని ఆమె ఉలిక్కిపడుతుంది. ముందు ఆర్కెస్ట్రాతో కలిసి మాటల్లా పాడే రెసిటటివ్, తర్వాత ఎఫ్ మేజర్‌లో నెమ్మదైన లార్గెట్టో: నన్ను కఠినురాలినని అనకు, నిన్నెంత ప్రేమించానో నీకు తెలుసు, నేను దుఃఖంతో చచ్చిపోకూడదనుకుంటే నీ బాధని కాస్త అణచుకో. ఆపైన వేగం పెరిగి అల్లెగ్రెట్టో మోడెరాతో: ఏమో, ఏదో ఒక రోజు దేవుడు నా మీద దయ చూపుతాడేమో. ఈ చివరి వాక్యం మీదే స్వరాల పరుగు ఉంటుంది, బి ఫ్లాట్ దాకా ఎక్కుతుంది. పాట మొత్తంలో ట్రంపెట్లు లేవు, డ్రమ్ములు లేవు.

అంటే ఒకే పాత్రకి మోజార్ట్ రెండు రకాల పని పెట్టాడు. మొదటిదానికి ఇనుములాంటి గొంతు కావాలి, రెండోదానికి ఆ గొంతే మనిషి చెవిలో మాట్లాడినంత దగ్గరగా రావాలి. మధ్యలో ముసుగుల ముగ్గురి పాట ఉంది, మొదటి అంకం ముగింపు ఉంది, రెండో అంకంలో ఆరుగురి పాట ఉంది. సన్నటి గొంతున్నవాళ్ళు చాలామంది 'నోన్ మి దిర్' దగ్గరికి వచ్చేసరికే అలిసిపోయి ఉంటారు. "మోజార్ట్ అంటే చిన్న గొంతు" అని కొట్టిపారేసేవాళ్ళు ఈ పాత్రని మొదటి నుంచి చివరి దాకా ఒక రాత్రి స్టేజీ మీద వినాలి. పోటీల్లో ఒక్క ఆరియా విని తీర్పు ఇవ్వడంలో ఉన్న చిక్కు కూడా ఇదే.

ఇక ఈ గొడవ వయసు. ఇది నిల్సన్‌తో మొదలైంది కాదు, రికార్డులతోనూ కాదు. 1787 అక్టోబర్ 29న ప్రాగ్‌లో తొలిసారి డోన్నా ఆన్నాగా పాడింది తెరేసా సపోరీతి. 1788 మే 7న వియన్నాలో ఆ పాత్ర అలోయిసియా లాంగెకి వచ్చింది. ఈమె మోజార్ట్‌కి వదినగారు. అంతకుముందు ఆయన మనసుపడిన మనిషి కూడా, కానీ ఆమె కాదనడంతో తర్వాత చెల్లెలు కాన్‌స్టాంజెని చేసుకున్నాడు. (ఈ కుటుంబం కథ వేరే రోజు చెప్పుకోవాలి. ఇంకో అక్కగారు యోసెఫా, మోజార్ట్ 'మాయా వేణువు' ఒపెరాలో 'రాత్రి రాణి' పాత్రని తొలిసారి పాడింది ఈమే.) అలోయిసియా గొంతు గురించి మోజార్ట్ తండ్రి లియోపోల్డ్ 1785 మార్చిలో కూతురికి ఉత్తరం రాశాడు. ఆయన ఫిర్యాదు ఏమిటంటే: నిలబెట్టి పాడే స్వరాలు, భావం పలికించే స్వరాలు ఆశ్చర్యపోయేంత గట్టిగా వస్తాయి, వేగంగా పాడే చోట్ల, పై స్వరాల్లో మాత్రం గొంతు మరీ సున్నితమైపోతుంది. గదిలో వింటే ఆ గట్టి స్వరాలు చెవికి దెబ్బలా తగులుతాయి, థియేటర్లో వింటే ఆ సున్నితమైనవి వినిపించాలంటే జనం చాలా నిశ్శబ్దంగా ఉండాలి. ఈ రెంటికీ మధ్య తేడా తన రుచికి ఎక్కువగా ఉందని ఆయన తేల్చాడు.

ఆ ఉత్తరం ఇంకోసారి నెమ్మదిగా చదవండి. గదిలో ఒక మాట, హాల్లో ఒక మాట. గట్టిగా పాడే చోట ఒక తీర్పు, మెల్లగా పాడే చోట ఒక తీర్పు. మూడేళ్ళ తర్వాత వియన్నాలో ఆన్నాగా నిలబడబోయే మనిషి గురించే ఈ మాటలు. మీ ఇద్దరు జడ్జిలూ రెండు చీటీల మీద రాసింది, లియోపోల్డ్ ఒక్కడే ఒకే పేరాలో రాశాడు.

ఆ స్వరాల పరుగు మీద ఇంకో పాత పేచీ ఉంది. ఫ్రెంచ్ స్వరకర్త బెర్లియోజ్‌కి మోజార్ట్ అంటే గౌరవమే, కానీ 'నోన్ మి దిర్' చివరి భాగం అంటే ఒళ్ళు మండేది. ఏడుస్తున్న మనిషి ఒక్కసారిగా కన్నీళ్ళు తుడుచుకుని గొంతుతో గారడీ చెయ్యడమేమిటి, ఇది మోజార్ట్ చేసిన నేరం అన్న ధోరణిలో తన ఆత్మకథలో విరుచుకుపడ్డాడు. అందరూ దీన్ని ఉటంకిస్తారు కాబట్టి నేనూ చెప్పాను, కానీ నేను ఒప్పుకోను. ఆమె అక్కడ అంటున్నది "ఏమో, ఒక రోజు" అని. నమ్మకం లేనిచోట నమ్మకాన్ని బలవంతాన తెచ్చుకుంటున్న మనిషి మాటలవి, కాస్త కంగారుగా, కాస్త అతిగానే వస్తాయి. ఆ పరుగుని అలా వినిపించే గాయని దొరికితే బెర్లియోజ్ వాదన నిలబడదు. కేవలం స్వరాలు లెక్కపెట్టినట్టు పాడితే మాత్రం ఆయనదే గెలుపు.

పెద్ద గొంతులు ఈ పాత్రలోకి ఎలా వచ్చాయన్నది కూడా చెప్పాలి. 1813లో జర్మన్ రచయిత హోఫ్‌మన్ ఈ ఒపెరా మీద ఒక కథ అచ్చువేశాడు. అందులో ఆన్నా మామూలు బాధితురాలు కాదు, జొవాన్నికి సరిజోడైన మహా స్త్రీ, లోలోపల వాడి మంటలోనే కాలిపోతున్న మనిషి. పందొమ్మిదో శతాబ్దం ఈ ఊహని పట్టుకుని వదల్లేదు. ఆన్నా అంటే విషాద నాయిక అన్న అభిప్రాయం స్థిరపడింది, దానికి తగ్గట్టు గొంతులూ పెరిగాయి. థియేటర్లు కూడా పెరిగాయి. ప్రాగ్‌లో ఈ ఒపెరా పుట్టిన ఎస్టేట్స్ థియేటర్ ఇప్పటికీ ఉంది, సీట్లు 700 లోపే. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా (మెట్)లో ఇప్పుడున్న హాల్లో సుమారు 3,800. ఒకే పాట, మైకు లేకుండా, ఈ రెండు చోట్లా.

మైకు లేకుండా అన్నది మనవాళ్ళకి ఒక్కోసారి తట్టదు. మన పద్యనాటకాల్లో మైకులు రాకముందు, మైదానంలో ఆఖరి వరసలో తువ్వాలు పరుచుకుని కూర్చున్నవాడికి కూడా పద్యం చివరి రాగం వినబడాలి, లేకపోతే వన్స్ మోర్ రాదు. ఆ నటుడినే ఆకాశవాణి స్టూడియోలో మైకు ముందు నిలబెట్టి అదే పద్యం చదివించండి, "ఎందుకండీ అంత అరుపు" అంటారు. గొంతు అదే, వినే దూరం మారింది. నిల్సన్ రికార్డుల మీద గొడవలో కనీసం సగం ఇదే.

లిల్లీ లేమన్ అని ఒక మహానుభావురాలు ఉండేది, 1848లో పుట్టి 1929లో పోయింది. 1876లో జర్మనీలోని బైరాయిట్‌లో, భారీ ఒపెరాలకి పేరుపడ్డ స్వరకర్త వాగ్నర్ 'రింగ్' (నాలుగు ఒపెరాల వరస) తొలి ప్రదర్శనల్లో చిన్న పాత్రలు పాడింది, తర్వాత ఆయన పెద్ద పాత్రలు బ్రున్‌హిల్డె, ఇజోల్డె పాడింది, బెల్లిని 'నోర్మా' పాడింది. 1906లో సాల్జ్‌బర్గ్‌లో డోన్నా ఆన్నా కూడా పాడింది, దాదాపు అరవై దగ్గర పడుతున్న వయసులో. ఆ రోజుల్లో వాగ్నర్ పాడేవాళ్ళు మోజార్ట్ పాడటం వింత కాదు, మోజార్ట్ పాడగలిగితేనే గొంతు ఆరోగ్యంగా ఉందని లెక్క. "ఇది వాగ్నర్ గొంతు, ఇది మోజార్ట్ గొంతు" అని డబ్బాలు కట్టి పెట్టడం రికార్డు కంపెనీలూ, ఒపెరా హౌస్‌ల కాంట్రాక్టులూ వచ్చాక బాగా గట్టిపడింది.

ఇప్పుడు నిల్సన్ దగ్గరికి. ఆమె స్వీడన్ దాటి బయట పాడిన తొలి పెద్ద పాత్ర ఏదో తెలుసా? వాగ్నర్ కాదు. 1951లో ఇంగ్లండ్‌లోని గ్లైండ్‌బోర్న్‌లో, మోజార్ట్ 'ఇడొమెనేయో'లో ఎలెట్రా. ఆ థియేటర్ చిన్నది. అంటే మొదట్లోనే ఆమెని ఈ సంగీతం కోసం పిలిచారు. డోన్నా ఆన్నా పూర్తి పాత్రని స్టూడియోలో రెండుసార్లు రికార్డు చేసింది. 1959లో వియన్నాలో, లైన్స్‌డోర్ఫ్ ఆర్కెస్ట్రా నిర్వహణలో ఒకసారి. ఆ డిసెంబర్‌లోనే న్యూయార్క్ మెట్‌లో ఇజోల్డెగా తొలిసారి పాడి ఊరంతా మారుమోగించింది. రెండోది 1967లో ప్రాగ్‌లో కార్ల్ బోమ్ నిర్వహణలో, డీట్రిష్ ఫిషర్-డీస్కావ్ జొవాన్నిగా. అప్పటికి ఆమెకి 48 ఏళ్ళు, అదే బోమ్‌తో బైరాయిట్‌లో బ్రున్‌హిల్డె, ఇజోల్డె పాడుతున్న రోజులు.

రెండిట్లోనూ స్వరాల పరుగు వినండి. "పెద్ద గొంతు, వేగం రాదు" అనేవాళ్ళకి జవాబు అక్కడే ఉంది. ప్రతి స్వరం దాని చోట ఉంటుంది, కలగాపులగం కాదు. బి ఫ్లాట్ ఎక్కడం ఆమెకి మెట్టు ఎక్కినంత పని కూడా కాదు. కష్టం వినబడదని అనను, ముఖ్యంగా 1967లో ఆ గొంతుని కదిలించడానికి శ్రమ పడుతోందని తెలుస్తుంది, కానీ తప్పు పట్టడానికి ఏమీ దొరకదు. మరి మీ అమ్మాయికి చల్లగా ఎందుకనిపించింది? లార్గెట్టో వల్ల. అక్కడ నిల్సన్ స్వరం మొదలయ్యే తీరు చూడండి: ప్రతిదీ సూటిగా, అంచు కత్తిరించినట్టు మొదలవుతుంది. శృతి పొల్లుపోదు, ఎక్కడైనా పోతే పైకే జరుగుతుంది. గొంతు తగ్గించినప్పుడు కూడా అది తగ్గించిన పెద్ద గొంతులాగే ఉంటుంది, దగ్గరికొచ్చిన మనిషిలా ఉండదు. ఓట్టావియోని ఓదార్చడం లేదు, అతనికి తీర్పు చదివి వినిపిస్తోంది. హోఫ్‌మన్ ఆన్నా కావాలంటే ఇదే సరి. చివరికి పెళ్ళి ఇంకో ఏడాది ఆగాలని చెప్పే ఆన్నా కూడా ఇందులో నిజమే అనిపిస్తుంది. "నిన్నెంత ప్రేమించానో" అన్న మాట మీద మాత్రం నాకు నమ్మకం కలగదు. మీకు అద్భుతంగా అనిపించింది బహుశా ఆ గొంతు శక్తి, ఆ శుభ్రత. మీ అమ్మాయికి లోటుగా అనిపించింది ఆ ఒక్క మాట. ఇద్దరూ ఒకే రికార్డులో రెండు వేర్వేరు చోట్ల చెవి పెట్టారు.

పోలిక కోసం మూడు వినండి. సుజాన్ దాంకో, క్రిప్స్ నిర్వహణలో 1955. సన్నటి, శుభ్రమైన గొంతు, ఫ్రెంచ్ పాటలు పాడే మనిషి. లార్గెట్టో ఎంత బాగుంటుందో చెప్పలేను, ఒక్క మాట కూడా నలగదు. కానీ 'ఓర్ సాయి' దగ్గరికి వెళ్తే ఆమె పగ నన్ను భయపెట్టదు. జోన్ సదర్లాండ్, జూలీని నిర్వహణలో 1959, అంటే నిల్సన్ మొదటి రికార్డు చేసిన ఏడాదే. సదర్లాండ్‌దీ పెద్ద గొంతే, జనం ఇది మర్చిపోతారు. మొదట్లో ఆమె తనని వాగ్నర్ గాయనిగానే ఊహించుకుంది. పరుగులు నీళ్ళు తాగినంత తేలిక, మెల్లగా పాడటం కూడా వచ్చు, కానీ హల్లులు కరిగిపోతాయి. ఆమె ఏం చెప్తోందో పుస్తకం చూసుకుంటే తప్ప తెలియదు. మాటలు పోయాక ఆ లార్గెట్టోలో ఇంక మిగిలేది సుఖమైన ధ్వని ఒక్కటే. మూడోది నా ఓటు: లియొంటీన్ ప్రైస్, 1960 సాల్జ్‌బర్గ్, కరాయన్ నిర్వహణ, ప్రదర్శన రికార్డింగ్. అప్పటికే వెర్డి ఒపెరా 'ఆయిదా' పాడుతున్న గొంతు. తమాషా ఏమిటంటే నిల్సన్ 1959 సెట్‌లో ఈమె పాడింది ఇదే ఒపెరాలోని ఇంకో స్త్రీ పాత్ర, డోన్నా ఎల్వీరా. ఆ పెద్ద గొంతు నిండుదనం వదలకుండానే మెత్తబడుతుంది, అంచుల్లో వెచ్చదనం ఉంటుంది. స్వరాల పరుగులో నిల్సన్ అంత కచ్చితం కాదు, ఒకటి రెండు చోట్ల తేలిపోతుంది. నాకు అది పెద్ద విషయం కాదు. మీకు కావచ్చు.

ఇక గొంతు సంగతి. సొప్రానో గొంతు ఎఫ్ చుట్టుపక్కల ఒక మలుపు తిరుగుతుంది, లోపల కండరాల పని మారుతుంది. పెద్ద గొంతున్నవాళ్ళు ఆ మలుపు దాటేటప్పుడు కిందనుంచి ఎక్కువ బరువు మోసుకెళ్తారు. గట్టిగా పాడితే ఆ బరువు సమస్య కాదు, పైగా అదే మెరుపు ఇస్తుంది. మెల్లగా పాడాల్సి వచ్చినప్పుడు బరువు దించాలి, కానీ శ్వాస ఆసరా మాత్రం వదలకూడదు. ఎక్కువమంది రెండూ కలిపి వదిలేస్తారు. అప్పుడు గొంతులో గాలి కలుస్తుంది, శృతి కిందకి జారుతుంది, వణుకు వస్తుంది. లేదంటే భయంతో ఏదీ వదలరు, అప్పుడు "గట్టిగా ఉంది" అని జడ్జి రాస్తారు. లార్గెట్టో రాగం పదే పదే ఆ మలుపు మీదుగానే నడుస్తుంది. వేగమైన స్వరాల్లో మాత్రం ఒక్కో స్వరం మీద ఉండే సమయం ఎంతో తక్కువ, పైగా మోజార్ట్ ఆ పరుగుని 'సెంతిరా' అనే మాట చివరి "ఆ" మీద పెట్టాడు. నోరు తెరుచుకునే అచ్చు. బాగా ఎక్కువ స్థాయిలో సొప్రానోలు ఎలాగూ ఏ అచ్చునైనా "ఆ" వైపే తెరుస్తారు, లేకపోతే ధ్వని రాదు. సాధన ఉంటే అక్కడ పెద్ద గొంతుకి దారి సుగమమే.

మా పియానో గదిలో ఒక అమ్మాయితో జరిగింది చెప్తాను. స్ట్రౌస్, వెర్డి పాడే గొంతు. గది చిన్నది, ఆమె పై స్థాయి 'ఏ' (A) స్వరం పట్టుకుంటే పియానో మీద పెట్టిన పెన్సిల్ దొర్లేది. పరుగులు తెచ్చి చూపించింది, శుభ్రంగా ఉన్నాయి, ఎన్నో నెలలు పని చేసిందని తెలుస్తోంది. లార్గెట్టో మొదటి వాక్యం పాడమన్నాను. మూడు స్వరాలకే గొంతు బిగిసింది. మెల్లగా పాడాలన్న టెన్షన్‌తో ఊపిరి పట్టేస్తోంది. అప్పుడు పాట పక్కన పెట్టి, ముందున్న రెసిటటివ్ మాటలు మామూలుగా చదవమన్నాను. ఇటాలియన్‌లో, స్వరం లేకుండా, ఎదుటివాడు నిజంగా బాధపడుతున్నట్టు. తర్వాత అదే ఊపిరితో, అదే దవడతో, పెదవులు మూసి "మ్మ్" అంటూ రాగం. ఆపైన మాటలతో. గొంతు చిన్నదైపోలేదు, మొదలు మెత్తబడింది అంతే. "ఇంత తక్కువగా పాడితే ఆర్కెస్ట్రా మీద వినబడనేమో" అని ఆమె భయం. హాల్లోకి వెళ్ళి చివరి వరసలో నిలబడి విన్నాను. ప్రతి మాటా వినబడింది.

ఎందుకు వినబడిందో చెప్పడానికి మాయ ఏమీ లేదు. ఆర్కెస్ట్రా శక్తి ఎక్కువగా ఉండేది 500 హెర్ట్జ్ చుట్టుపక్కల. చక్కగా తయారైన గొంతులో సుమారు 3,000 హెర్ట్జ్ దగ్గర ఒక బలం ఉంటుంది. స్వీడన్ శాస్త్రవేత్త యోహాన్ సుంద్‌బెరి దీని మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు. మగ గొంతుల్లో ఇది స్పష్టం, సొప్రానోల్లో పైకి వెళ్ళేకొద్దీ లెక్క మారుతుంది, అక్కడ నోటి ఆకారాన్ని స్వరానికి సరిపెట్టడం పని చేస్తుంది. ఏది ఏమైనా, హాలు చివరి దాకా చేరేది ఊపు కాదు, ధ్వని నాణ్యత. మోజార్ట్ ఆ పాట కింద పెట్టిన వాద్యాలు కూడా పలచగానే ఉన్నాయి. పెద్ద గొంతు కలవాళ్ళకి ఇది ఎవరో ఒకరు చెప్పాలి, లేకపోతే జీవితాంతం తోస్తూనే ఉంటారు.

ఇప్పుడు ఆ రెండు చీటీల సంగతి. మొదటి జడ్జి "బరువు" అన్నది గొంతు పరిమాణం గురించి అయితే పక్కన పెట్టేయండి. లేమన్, ప్రైస్, నిల్సన్ ముగ్గురూ ఆ మాటకి జవాబు. కానీ ఆయనకి వినిపించింది లార్గెట్టోలో ఆ బిగింపే అయితే, అది నిజం, బాగుచేసుకోదగ్గ నిజం. రెండో జడ్జి అభిప్రాయం నాకు నచ్చింది, కానీ 23 ఏళ్ళ పిల్లకి అది ప్రమాదం కూడా. "ఇలాంటి గొంతే కావాలి" అని విన్నాక ఆ వయసులో ఎవరైనా ఇంకా పెద్దగా పాడతారు. ఆ చీటీలు దాచి ఉంటే, పోటీ రికార్డింగ్ ఉంటే, ఒకసారి మీరిద్దరూ కలిసి లార్గెట్టో మాత్రమే వినండి. మొదటి నాలుగు వాక్యాల్లో ఊపిరి ఎక్కడ తీసుకుంది, స్వరం మొదలయ్యేటప్పుడు గొంతులో చిన్న తట్టు వినబడుతోందా, మెల్లగా పాడిన చోట శృతి జారిందా. జవాబు మీకే తెలుస్తుంది.

పాటల ఎంపిక గురించి మీరు అడగలేదు గానీ చెప్తాను. 'ఓర్ సాయి' ఇప్పుడే పోటీలకి వద్దు. గొంతుకి వచ్చు, కానీ ఆ పై స్వరాల వరస అలవాటైతే మెల్లగా పాడటం ఇంకా ఆలస్యంగా వస్తుంది. 'ఇడొమెనేయో' చివర్లో ఎలెట్రా పాడే 'దోరెస్తె, దాయాచె' కూడా అంతే, పిల్లలందరికీ ఇష్టం, కోపంగా అరవడానికి వీలుంటుందని. దాని బదులు 'ఫిగరో పెళ్ళి'లో కౌంటెస్ పాడే 'పోర్జి అమోర్' పాడించండి. చిన్నది, వేగం లేదు, దాక్కోవడానికి చోటు లేదు. స్టేజీ మీదకి వచ్చి మొదటి మాటే అది. కౌంటెస్ పాత్రే పెద్ద గొంతున్న జెస్సీ నార్మన్ తన ఇరవైల్లోనే కొలిన్ డేవిస్ నిర్వహణలో రికార్డు చేసింది. అది దొరికితే అమ్మాయికి వినిపించండి. చర్చకి మంచి సరుకు, అందులోనూ మీ ఇద్దరికీ పడకపోవచ్చు.

'నోన్ మి దిర్' మానెయ్యక్కర్లేదు. వచ్చే ఆడిషన్‌కి కూడా తీసుకెళ్ళమనండి, కానీ రెసిటటివ్ వదిలేసి నేరుగా ఆరియా మొదలుపెట్టొద్దని చెప్పండి. సమయం చాలదని చాలామంది దాన్ని కోసేస్తారు. "కఠినురాలినా" అన్న ఆ మొదటి మాట పలికి, వయొలిన్ల భాగాన్ని పియానో వాయిస్తుండగా ఒక్క క్షణం ఆగే వీలు అక్కడే ఉంది. మీ అమ్మాయిలాంటి గొంతుకి ఆ క్షణం ఊపిరి దిగడానికి చాలా అవసరం. ఆడిషన్‌లో పియానో వాయించేవాళ్ళు దాన్ని హడావిడిగా దాటేస్తారు, మాలో కొంతమందికి ఆ పాడలవాటు ఉంది. ముందే వెళ్ళి, అక్కడ కాస్త ఆగమని అడగమనండి.